మేక నమిలిన చొక్కా

కిందటి వారం మన టైలరమ్మను మంచి ఇరకాటంలో పెట్టి వదిలేశాం. రెండు సీట్ల బుల్లి విమానంలో కెప్టెన్ పక్కన కూర్చుని, బెల్టు బిగించుకుని, ఇంజను స్టార్టు చెయ్యబోతూ తల తిప్పేసరికి విమానాలు నిలిపే హ్యాంగరు వెనక చిన్న గేటు తోసుకుని అత్తగారు లోపలికి వస్తూ కనిపించింది. ఆవిడ చేతిలో కోడలి ఎంబ్రాయిడరీ ఫ్రేము ఉంది. ఆరు నెలలుగా కోడలు వారానికి మూడు రోజులు పొద్దున్నే ఎంబ్రాయిడరీ క్లాసుకని చెప్పి బయలుదేరి, స్కూటర్ని నేరుగా ఈ ఫ్లయింగ్ క్లబ్బుకి తిప్పుతోంది. ఆ క్లాసు చెప్పే టీచరమ్మే నిన్న కర్టెన్లు కుట్టించుకోవడానికి షాపుకొచ్చి, "మీ కోడలు చేరతానంది గాని ఒక్కరోజూ రాలేదేమండీ" అంది. ఇవాళ అత్తగారు ఆటో ఎక్కి కోడలి స్కూటరు వెనకే వచ్చేసింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే తాగింది గాని, ఊరు కూడా కళ్ళు మూసుకుంటుందా?

ఈ వారమే కొత్తగా పుస్తకం తెరిచినవాళ్ళ కోసం రెండు ముక్కలు. అత్తాకోడళ్ళిద్దరిదీ ఒకే దర్జీ షాపు. అత్తగారు కత్తిరిస్తుంది, కోడలు, అంటే మన టైలరమ్మ, కుడుతుంది. ఈ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాళ్ళ చొక్కా వెనక కిందిభాగం కత్తిరించి, పేరు, తేదీ రాసి గోడకు కొడతారు. పూర్వం గురువు వెనక సీట్లో కూర్చుని శిష్యుడి చొక్కా పట్టుకు లాగి పాఠం చెప్పేవాడట. ఇక లాగే పని లేదని దానర్థం. అలా వెనక తెగిన చొక్కాలు అతుకు కోసం షాపుకి రావడం, కోడలు ఇదేమిటని అడగడం, అడిగిన పాపానికి తనే విమానం ఎక్కడం, ఇదంతా మొదటి భాగాల కథ. టైలరమ్మ మొగుడికి సంగతంతా తెలుసు. తేలు కుట్టిన దొంగలా ఇంట్లో చప్పుడు చెయ్యకుండా తిరుగుతున్నాడు.

అసలు చిక్కు ఏమిటంటే, ఎల్లుండి ఆదివారంతో కెప్టెన్ క్లబ్బు వదిలేస్తున్నాడు. మోకాళ్ళ నొప్పులు, ఇక చాలు అని అక్కగారింటికి వెళ్ళిపోతున్నాడు. ఇంకో గురువు ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. వరసగా మూడుసార్లు కుదురుగా దింపి చూపిస్తేగాని ఆయన ఎవర్నీ ఒంటరిగా వదలడు. మన టైలరమ్మ ఇంతవరకూ వరసగా రెండు కూడా దింపలేదు. దిగిన ప్రతిసారీ విమానం కప్పగంతులు వేస్తోంది.

టైలరమ్మ బెల్టు విప్పుకుని దిగింది. కాళ్ళు దిగాయి గాని ప్రాణం సీట్లోనే ఉండిపోయింది. అత్తగారు పొట్టి మనిషి. మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. పడుకునేటప్పుడు తీస్తుందో లేదో కన్నకొడుక్కే అనుమానం. ఆవిడ దగ్గరికొచ్చి, ముందు కోడలి మొహం చూడలేదు, చొక్కా చూసింది.

"కాలరు నువ్వే కుట్టావా?"

"అవునత్తయ్యా."

"ఎడమ మొన పావంగుళం పొడుగొచ్చింది. దొంగచాటుగా కుడితే అలాగే వస్తుంది."

టైలరమ్మ తల వంచుకుంది. ఆవిడ గొంతు పెంచి తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తిట్టే మనిషికి బదులు చెప్పొచ్చు. కొలతలు తీసే మనిషికి ఏం చెప్తాం.

"చెప్తే వద్దంటారని భయపడ్డాను."

"అడిగావా?"

"లేదు."

"మరి నేను వద్దన్నానని నీకెవరు చెప్పారు?"

అత్తగారు ఎంబ్రాయిడరీ ఫ్రేము కోడలి చేతిలో పెట్టింది. ఆరు నెలల క్రితం మొదలుపెట్టిన గులాబీ దాని మీద ఒక్క రేకుతో అలాగే ఉంది. "ఆరు నెలలకి ఒక్క రేకు. పువ్వు పూర్తయ్యేసరికి నా మనవలు ముసలాళ్ళవుతారు" అని, కెప్టెన్ వైపు తిరిగింది. "ఎలా నడుపుతోంది?"

కెప్టెన్ అబద్ధం ఆడలేని మనిషి. క్లబ్బులో ఆయనకున్న చెడ్డపేరంతా దానివల్లే. "పైకి బాగా వెళ్తుంది. పైన బాగా ఉంటుంది. దిగడమే రావట్లేదమ్మా."

"దిగడం రాని మనిషిని పైకెందుకు తీసుకెళ్తున్నారు?"

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎంతోమంది శిష్యుల్ని గడగడలాడించిన కెప్టెన్ తనే శిష్యుడిలా నిలబడ్డాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఊరికే అన్నారా. ఆయన టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

అప్పుడు టైలరమ్మకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. నిజానికి అది ధైర్యం కాదు, ఇక దాచడానికేమీ మిగల్లేదన్న తెగింపు. "అత్తయ్యా, సార్ ఆదివారం వెళ్ళిపోతున్నారు. ఈలోపల నేను ఒక్కదాన్నే ఎగరకపోతే ఇక జన్మలో ఎగరను. అబద్ధం చెప్పడం తప్పే. తిట్టాల్సిందంతా సోమవారం కూర్చోబెట్టి తిట్టండి, పడతాను. ఈ రెండు రోజులూ మాత్రం నన్ను వదిలెయ్యండి."

అత్తగారు కోడలి కళ్ళలోకి కాసేపు చూసింది. పెళ్ళయి పదిహేనేళ్ళలో ఈ పిల్ల తనకు ఎదురు నిలబడి ఏదైనా అడగడం ఇదే మొదలు. ఆవిడకు కోపం రాలేదు, ముచ్చటేసింది. ఆ ముచ్చట మొహంలో కనపడనిస్తే ఆవిడ అత్తగారెలా అవుతుంది?

"సరే, ఎగురు. చూస్తాను. చొక్కా మాత్రం జాగ్రత్త, ఈ చుట్టుపక్కల మేకలుంటాయి."

ఆ మాటకు అంత భయంలోనూ టైలరమ్మకు నవ్వొచ్చింది. వాళ్ళింట్లో మేక కథ వినని చుట్టం లేడు. పోయిన మావగారు వయసులో ఉన్నప్పుడు ఒక రోజు కొత్త చొక్కా వెనక సగం లేకుండా ఇంటికొచ్చారట. ఏమైందంటే, దండెం మీద ఆరేస్తే మేక నమిలేసిందన్నారట. పదిమంది చేరితే ఆయనే ఆ కథ మొదలుపెట్టేవారు. మేక ఎలా నమిలిందో నమిలి చూపించేవారు.

అత్తగారు ఎవర్నీ అడక్కుండా కంచె వారనున్న బెంచీ దగ్గరికి నడిచి, పమిటచెంగుతో దుమ్ము దులిపి కూర్చుంది. విమానం చక్రాలు నేలకు తగిలే చోటికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది ఆ బెంచీ.

మొదటి చుట్టు. మైదానం చుట్టూ దీర్ఘచతురస్రంలా తిరిగి, మళ్ళీ రన్‌వే ఎదురుగా వచ్చి దిగాలి. పైన అంతా బాగానే ఉంది. స్పీడు సరిగ్గా ఉంది, ఎత్తు సరిగ్గా ఉంది. నేల దగ్గర పడేకొద్దీ టైలరమ్మ చూపు ఇంజను మూతి ముందుకు జారిపోయింది. అక్కడ తారు గబగబా వెనక్కి పరుగెత్తుతోంది. ఇంకా రెండు నిలువుల ఎత్తు ఉండగానే, తగిలేస్తుందేమోనని కంగారుపడి కంట్రోలు వెనక్కి లాగేసింది. విమానం మూతెత్తి కాసేపు తేలి, విసుగొచ్చినట్టు దబ్బున పడి, లేచి, మళ్ళీ పడింది.

"దూరం చూడు" అన్నాడు కెప్టెన్.

"చూస్తున్నాను సార్."

రెండోసారి రెండు గెంతులు. మూడోసారి మూడు. విమానం లెక్క తప్పలేదు, అంతే. నాలుగోసారి ఎగరకుండా కెప్టెన్ విమానాన్ని బెంచీ దగ్గరికి నడిపించి ఇంజను ఆపేశాడు. ఆయన మొహంలో కోపం లేదు. కోపం ఉంటే టైలరమ్మకు ఆశ ఉండేది. జాలి చూసేసరికి ఆ ఆశా పోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరు నెలలు ఊరంతటికీ అబద్ధాలు చెప్పి సంపాదించింది ఈ కప్పగంతులేనా అనుకుంది.

అత్తగారు లేచి విమానం తలుపు దగ్గరికొచ్చింది. "దిగేటప్పుడు గడ్డం గుండెకి ఆనించుకుని కూర్చుంటున్నావేమే? నాకా బెంచీ మీంచి నీ నడినెత్తి కనబడుతోంది."

"నేల చూస్తున్నానత్తయ్యా. ఎంత దూరంలో ఉందో తెలియాలి కదా."

"మిషను మీద కూర్చున్న కొత్తలో నీ కుట్టు వంకర పోయేది, గుర్తుందా?"

"ఉంది."

"ఎందుకు పోయేది?"

"సూదిని చూసేదాన్ని. ఎక్కడ దిగుతుందో, వేలి మీద దిగుతుందేమోనని."

"అప్పుడు నేనేం చెప్పాను?"

టైలరమ్మ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "సూది దాని పని అది చూసుకుంటుంది. నువ్వు గుడ్డ చివర చూడు అన్నారు."

"ఆ నల్లగుడ్డకి చివర లేదా?" అంటూ అత్తగారు రన్‌వే అవతలి కొసకు చెయ్యి చూపించింది.

"నేను పద్నాలుగు గంటల పాఠాల్లోనూ ఆ మాటే చెప్తున్నానమ్మా" అన్నాడు కెప్టెన్, కొంచెం నొచ్చుకుని. "దూరం చూడు, దూరం చూడు అని."

"మీకు దూరమంటే అర కిలోమీటరు. కాజాలు కుట్టే మనిషికి దూరమంటే మూరెడు. ఏ దూరమో చెప్పాలి కదండీ."

కెప్టెన్ టోపీ మళ్ళీ తీశాడు. ఈసారి దులపలేదు, తల గోక్కున్నాడు.

నాలుగోసారి టైలరమ్మ నేల మొహమే చూడలేదు. రన్‌వే అవతలి కొసన తెల్లగీతలున్నాయి. చూపు తీసుకెళ్ళి వాటికి గుచ్చింది. విచిత్రమేమిటంటే, అంత దూరం చూస్తుంటే కింద నేల ఎంత దగ్గర్లో ఉందో కంటి పక్కనుంచి దానంతటదే తెలిసిపోయింది. ఇంజను జోరు అదుపుచేసే థ్రాటిల్ తగ్గించి, మూతి మెల్లగా, ఇంకా మెల్లగా ఎత్తి పట్టింది. చక్రాలు చిన్నగా కీచుమన్నాయి. అంతే. కెప్టెన్ ఇంకో చుట్టు తిరగమని వేలు తిప్పాడు. అయిదోసారీ అంతే. ఆరోసారి కీచుమనడం కూడా సరిగ్గా వినపడలేదు.

కెప్టెన్ విమానాన్ని పక్కకు తీయించి, ఇంజను నడుస్తుండగానే, తిరిగే ప్రొపెల్లరుకు దూరంగా వెనక నుంచి దిగాడు. తన సీటు బెల్టు ఖాళీ సీటుకు అడ్డంగా బిగించాడు. "ఒక్క చుట్టు. ఒక్క దిగడం. నా బరువు ఉండదు కాబట్టి తొందరగా లేస్తుంది, కంగారుపడకు. నచ్చకపోతే దిగకు, మళ్ళీ తిరిగి రా. తొందరేం లేదు, పెట్రోలుంది" అని తలుపు వేసి, నొప్పి మోకాళ్ళతో వెనక్కి తిరిగి చూడకుండా బెంచీ వైపు నడిచాడు.

టైలరమ్మ పక్క సీటు చూసింది. అక్కడ కెప్టెన్ దిండు తప్ప ఎవరూ లేరు. రన్‌వే మీదికి వచ్చి, థ్రాటిల్ పూర్తిగా నెట్టింది. కెప్టెన్ చెప్పినట్టే విమానం సగం దూరం కూడా పోకముందే గాల్లోకి లేచింది, బరువు దించుకున్న కూలీ నడుం ఎత్తినంత సుఖంగా. మొదటి మలుపు తిరిగేదాకా ఆవిడ ఊపిరి తీసుకుందో లేదో ఆవిడకే తెలియదు.

తరువాత ఎడంపక్క ఊరు కనిపించింది. మార్కెట్టు వీధి, మూలమీద బడి, వాళ్ళ షాపు మేడ. మేడ మీద తడిపి ఆరేసిన ఎర్ర లైనింగు గుడ్డలు గోరంత ఉన్నాయి. ఆ గుడ్డలు నిన్న సాయంత్రం తనే ఆరేసింది. ఇప్పుడు వాటి మీదుగా తను వెళ్తోంది, పక్కన ఎవరూ లేకుండా. టైలరమ్మ గట్టిగా నవ్వింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో, ఒక్కతే కూర్చుని, ఎవరూ జోకు వెయ్యకుండానే నవ్వింది. ఇంత సంతోషం ఒంటరిగా ఎలా మొయ్యాలో తెలియక, "గుడ్డ చివర, గుడ్డ చివర" అని పైకి అనుకుంటూ ఆఖరి మలుపు తిరిగింది.

చక్రాలు నేలను ఎప్పుడు ముట్టాయో ఆవిడకు తెలియలేదు. విమానం వేగం తగ్గి నేలమీద నడుస్తోందని తెలిశాకగాని దిగానని నమ్మలేదు.

హ్యాంగరు ముందు ఇంజను ఆపేసరికి కెప్టెన్ వచ్చి చెయ్యి కలిపాడు. ఆయన ముక్కు ఎర్రగా ఉంది. పొద్దుటి గాలి వల్లనని మనం అనుకుందాం. టైలరమ్మ చుట్టూ చూసింది. బెంచీ ఖాళీగా ఉంది.

"అత్తయ్య ఏరి సార్? చూడలేదా?"

"దిగేదాకా చూశారు. కత్తెర తెస్తానని ఆఫీసు గదిలోకి వెళ్ళారు. నన్ను తేవద్దన్నారు, తనే పదును చూసి తెస్తారట. ఇంకా రాలేదు."

ఇద్దరూ గదికి వెళ్ళారు. చిన్న గది. ఒక బల్ల, ఒక గోడకు వచ్చే వారం పాఠాల నల్లబల్ల. అందులో ఆదివారం కింద అడ్డంగా గీత గీసి కెప్టెన్ చేతిరాతతో 'సెలవు' అని ఉంది. ఎదుటి గోడ నిండా చొక్కా ముక్కలు, తెల్లవి, నీలివి, గళ్ళవి. అత్తగారు కత్తెర చేత్తో పట్టుకుని ఆ గోడ ముందు నిలబడి ఉంది. పై వరసలో మొదటి ముక్క, ఒకప్పుడు లేత నీలం, ఇప్పుడు ఏ రంగో చెప్పలేం, దాని అంచు మీద ఆవిడ వేలుంది. మీద రాసిన పేరు ఎప్పుడో చెరిగిపోయింది.

"ఇది నా కుట్టు" అంది అత్తగారు.

టైలరమ్మ దగ్గరికెళ్ళి చూసింది. ఎవరైనా కుట్టు మొదట్లో రెండు పోట్లు వెనక్కి వేసి ముడి బిగిస్తారు. అత్తగారు మూడు వేస్తుంది. ఆ ముక్క అంచున మూడున్నాయి.

"అది నా మొదటి శిష్యుడిదమ్మా" అన్నాడు కెప్టెన్. "గడియారాలు బాగుచేసేవాడు. నేనూ అప్పుడు కుర్రాణ్ణే. అంత మెత్తగా దింపేవాణ్ణి మళ్ళీ చూడలేదు."

గడియారాలు బాగుచేసిన మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. టైలరమ్మ గోడను చూసింది, అత్తగారిని చూసింది. "మావయ్యగారా? మరి మేక?"

"మేక నమిలిన గుడ్డకీ కత్తెర కోసిన గుడ్డకీ తేడా తెలియకుండానే దర్జీపని చేశానంటావా?" అంది అత్తగారు. "తర్వాతి వారమే ఆయన వెనకాల వచ్చాను. ఆ చిన్న గేటులోంచే. ఆ బెంచీ మీదే కూర్చున్నాను. అప్పుడు దానికి ఆకుపచ్చ రంగుండేది."

"ఆకుపచ్చే" అన్నాడు కెప్టెన్ మెల్లగా.

ఎవరూ వాడని గేటు ఆవిడ ఎలా పట్టుకుందో, బెంచీ ఎక్కడుందో ఎవర్నీ ఎందుకు అడగలేదో అప్పుడు బోధపడింది టైలరమ్మకు. "తెలుసని మావయ్యగారికి చెప్పలేదా?"

"ఆయనే చెప్తారేమోనని చూశాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. మేకని మాత్రం ఇద్దరం కలిసి తిట్టుకునేవాళ్ళం." అత్తగారు నవ్వింది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. ఆ నవ్వులో ఆయన మీద బెంగ ఉంది, ఇంకా తీరని ముద్దూ ఉంది.

కెప్టెన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా, ఇరవై ఆరేళ్ళుగా నాకో ప్రశ్న ఉండిపోయింది. రేపు లైసెన్సు పరీక్ష అనగా ఆయన రావడం మానేశారు. ఒకసారి షాపుకి కూడా వెళ్ళాను. నా వాచీ బాగుచేసిచ్చారు, పరీక్ష మాట ఎత్తితే మాట మార్చేశారు. నేనేమైనా అన్నానా, నొప్పించానా అని ఇప్పటికీ అనుకుంటాను. ఎందుకు మానేశారు?"

"నాకు తెలుసు" అంది అత్తగారు.

"చెప్పండి."

"చెప్తాను. ఇక్కడ కాదు, పైన. ఆయన చూసింది నేనూ చూశాక."

"రండి, ఇప్పుడే తీసుకెళ్తాను" అని కెప్టెన్ మోకాళ్ళ సంగతి మరిచి లేచాడు.

"మీతో కాదు. నా కోడలితో."

"లైసెన్సు రాకుండా నేనెవర్నీ ఎక్కించుకోకూడదత్తయ్యా" అంది టైలరమ్మ.

"వచ్చాకే ఎక్కుతాను. ఎన్నాళ్ళు పడుతుంది కెప్టెన్ గారూ?"

"నేర్పేవాళ్ళుంటే నాలుగైదు నెలలు."

"నేర్పేవాళ్ళుంటే" అని అత్తగారు ఆ మాటను అక్కడే వదిలేసి, కోడల్ని అటు తిప్పి నిలబెట్టింది. మెడలో టేపు తీసి చొక్కా వెనక ఆరంగుళాలు కొలిచి, సుద్దతో గీత గీసింది. ఏదో ఒకలా కత్తిరిస్తే చాలన్నాడు కెప్టెన్. వంకర తెగితే మళ్ళీ సరిచెయ్యాల్సింది తనేనంది ఆవిడ. కత్తెర ఒక్క ఊపున నడిచింది.

"అయితే రెండే సీట్లు కదమ్మా" అన్నాడు కెప్టెన్. "మీరు పైన మీ కోడలికి చెప్తే, నాకెలా తెలుస్తుంది?"

"దిగాక చెప్తాను. కింద ఉంటే వినండి."

కెప్టెన్ కొంతసేపు కిటికీలోంచి రన్‌వే చూశాడు. తరువాత నల్లబల్ల దగ్గరికెళ్ళి, మోచేత్తో 'సెలవు' తుడిచేసి, సుద్దముక్క తీసుకుని సోమవారం ఆరు గంటల ఎదురుగా 'టైలరమ్మ' అని రాశాడు. అక్కయ్యకు ఫోను చెయ్యాలి, తిడుతుంది అని గొణుక్కున్నాడు.

తిరుగు దారిలో అత్తగారు స్కూటరు వెనక కూర్చుంది. కోడలి చొక్కా వెనక పడ్డ కిటికీలోంచి గాలి కొట్టకుండా ఎంబ్రాయిడరీ ఫ్రేము అడ్డం పెట్టింది. అయిదు నెలలు ఆగడం టైలరమ్మ వల్ల అయ్యే పని కాదు. వీధి మలుపులో స్పీడు తగ్గించింది.

"ఒక్కటి చెప్పండి అత్తయ్యా, ఇంకేం అడగను. పరీక్ష ముందురోజు మావయ్యగారు తమంతట తామే మానుకున్నారా, ఎవరైనా మాన్పించారా?"

"మాన్పించారు."

"ఎవరు?"

అత్తగారి పొట్ట అదురుతుంటే, వెనక్కి చూడకుండానే ఆవిడ నవ్వు ఆపుకుంటోందని కోడలికి తెలిసిపోయింది.

"మేక" అంది అత్తగారు. "ఈసారిది నిజం మేకే."